పికప్ మీద ఇల్లు: బరువెంత, ఇరుసెక్కడ?

1960 సెప్టెంబరులో అమెరికన్ నవలాకారుడు జాన్ స్టైన్‌బెక్ న్యూయార్క్ రాష్ట్రంలోని సాగ్ హార్బర్ నుంచి దేశం చుట్టి రావడానికి బయల్దేరాడు. తోడు చార్లీ అనే పూడిల్ కుక్క. బండి జీఎంసీ కంపెనీ ముప్పావు టన్ను పికప్ ట్రక్కు. దాని వెనక తొట్టిలో మంచం, పొయ్యి, బల్ల, అలమరలున్న చిన్న గది బిగించారు. డాన్ క్విక్సోట్ గుర్రం పేరే దానికీ పెట్టుకుని రోసినాంటే అని పిలిచాడు. రెండేళ్ళ తర్వాత అచ్చయిన 'ట్రావెల్స్ విత్ చార్లీ'లో ఆయన చెప్పుకున్న ప్రకారం, చదవాలనుకుంటూనే చదవకుండా ఉండిపోయిన పుస్తకాలే 150 పౌండ్లు, అంటే 68 కిలోలు ఎక్కించాడు. మిగతా సామానూ అదే తీరు. ఆరెగాన్ రాష్ట్రంలో ఒక వాన కురిసే ఆదివారం టైరు పేలింది. ఎక్కువ బరువు మోసే గట్టి టైర్లు దొరికాక గానీ బండి ముందుకు కదల్లేదు. ఆ ట్రక్కు ఇప్పుడు కాలిఫోర్నియాలో సలీనాస్ ఊళ్ళో, నేషనల్ స్టైన్‌బెక్ సెంటర్‌లో ఉంది.

అరవై ఏళ్ళు దాటినా ట్రక్ క్యాంపర్ కొనేవాళ్ళను ఇబ్బంది పెడుతున్నది ఆ బరువు సంగతే. ట్రక్ క్యాంపర్ అంటే పికప్ బెడ్‌లోకి, అంటే వెనక తొట్టిలోకి, దించి బిగించుకుని, పనైపోయాక విడదీసి పక్కన నిలబెట్టుకోగలిగిన గది. దానికి సొంత ఇంజను లేదు, చక్రాలు లేవు, ఇరుసు లేదు. వెనక లాక్కెళ్ళే ట్రెయిలర్ తన బరువులో ఎక్కువ భాగాన్ని తన చక్రాల మీదే మోసుకుంటుంది. క్యాంపర్ మాత్రం మొత్తం బరువును ట్రక్కు మీదే వేస్తుంది. అందువల్ల ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపించే లాగుడు సామర్థ్యం, అది పన్నెండు వేల పౌండ్లయినా పద్నాలుగు వేలయినా, ఇక్కడ అక్కరకు రాదు. తేల్చుకోవలసినవి మూడు. బండి ఎంత బరువు మోస్తుంది? ఆ బరువు సరిగ్గా ఎక్కడ పడుతుంది? గది బెడ్‌లో ఎక్కడా తగలకుండా కూర్చుంటుందా? చాలామంది ఈ మూడోదాంతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. "మాది ఆరున్నర అడుగుల బెడ్, దీనికి ఏ క్యాంపర్ పడుతుంది?" అని అడుగుతారు. బెడ్‌లో పట్టే క్యాంపర్లు చాలానే ఉంటాయి. వాటిలో ఆ ట్రక్కు మోయగలిగినవి కొన్నే.

ట్రక్కు కంపెనీలు ఈ బాధ్యతను తామే నెత్తికెత్తుకున్న రోజులున్నాయి. 1965 నుంచి ఫోర్డ్ తన పికప్పుల్లో క్యాంపర్ స్పెషల్ అనే ప్యాకేజీ ఇచ్చింది. గట్టి కమాన్లు, పెద్ద రేడియేటరు లాంటివి అందులో భాగం. 1960ల చివర జనరల్ మోటార్స్ లాంగ్‌హార్న్ పేరుతో ఎనిమిదిన్నర అడుగుల బెడ్ ఉన్న పికప్పును క్యాంపర్లు పెట్టుకునేవాళ్ళ కోసమే తెచ్చింది. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 133 అంగుళాలకు పెంచింది. 1973లో ఫోర్డ్ ఇంకో అడుగు ముందుకేసి సూపర్ క్యాంపర్ స్పెషల్ చేసింది. అందులో చక్రాల మధ్య దూరం 140 అంగుళాలు. వెనక ఇరుసును ఇంకాస్త వెనక్కి జరిపారు. అలా జరపడంతో వెనక చక్రానికి ముందు ఖాళీ మిగిలితే, స్పేర్ టైరును బెడ్ పక్క గోడలో అక్కడే అమర్చారు. ఇరుసును ఎందుకు జరిపారో అర్థమైతే ఈ మొత్తం వ్యవహారంలో సగం అర్థమైనట్టే. దాని సంగతి కాసేపట్లో.

అమెరికా ప్రభుత్వం కూడా 1970ల తొలినాళ్ళలోనే కలగజేసుకుంది. ఫెడరల్ నిబంధనల్లో ట్రక్-క్యాంపర్ లోడింగ్ పేరుతో ఇప్పటికీ ఒక సెక్షన్ ఉంది. క్యాంపర్ కట్టే కంపెనీ దాని గరిష్ఠ బరువు రాసిన చీటీని గోడకు అంటించాలి. అందులో ఎన్ని గాలన్ల నీళ్ళు, ఎన్ని పౌండ్ల గ్యాస్, ఎంత ఫ్రిజ్ లెక్కలోకి వచ్చాయో కూడా చెప్పాలి. ట్రక్కు కంపెనీ తన వంతుగా బెడ్‌లో ఎంత బరువు పెట్టవచ్చో, ఆ బరువు కేంద్రం ఎక్కడి నుంచి ఎక్కడి లోపు ఉండాలో బొమ్మ గీసి ఇవ్వాలి. సీటుకు 150 పౌండ్ల చొప్పున మనుషుల బరువు ముందే తీసేసి ఈ లెక్క కడతారు. ఇంత చక్కని ఏర్పాటు ఉండగా ఆ కాగితం చూసేవాళ్ళు తక్కువ. ట్రక్కుతో పాటు వచ్చిన మిగతా పుస్తకాలతో కలిసి గ్లవ్ బాక్సులో పడి ఉంటుంది.

అందరికీ కనిపించే చీటీ ఇంకొకటుంది. డ్రైవరు తలుపు తెరిస్తే, తలుపు మూసుకునే అంచున పసుపు, తెలుపు రంగుల్లో అరచేతంత స్టిక్కరు ఉంటుంది. మొత్తం బరువు పరిమితి 10,000 పౌండ్లకు మించని ట్రక్కులన్నిటికీ అది తప్పనిసరి. టైర్ల సైజు, గాలి ఎంత ఉండాలన్న వివరాల పైన ఒక వాక్యం ఉంటుంది: లోపల కూర్చునేవాళ్ళు, సరుకు కలిపి ఇన్ని కిలోలు లేదా ఇన్ని పౌండ్లు దాటకూడదని. ఆ అంకె ఆ ఒక్క బండికి వర్తించేది. ఒకే మోడల్, ఒకే ఏడాది, ఒకే షోరూం ముందు పక్కపక్కన నిలబెట్టిన రెండు ట్రక్కుల స్టిక్కర్లలో వందల పౌండ్ల తేడా ఉండొచ్చు. పైకప్పు గాజు కిటికీ, తోలు సీట్లు, నాలుగు చక్రాల డ్రైవు, మడిచే మెట్లు, ఇవన్నీ ఆ అంకెలోంచే తీసేసుకుంటాయి. కేటలాగులో రాసే గరిష్ఠ పేలోడ్, అంటే మోయగల బరువు, ఈ హంగులేవీ లేని ఖాళీ మోడల్‌ది. కొనేవాడు ఇంటికి తెచ్చుకునేది సాధారణంగా ఆ మోడల్ కాదు.

లెక్క వేసి చూస్తే తేడా ఎంత వస్తుందో తెలుస్తుంది. క్యాంపర్ బ్రోషరులో ఖాళీ బరువు 1,900 పౌండ్లని ఉందనుకుందాం. సగం టన్ను ట్రక్కులకు సరిపోతుందని అమ్ముడుపోయే గట్టిగోడల క్యాంపర్లలో ఇది పెద్ద బరువేం కాదు. 30 గాలన్ల నీళ్ళు నింపితే 250 పౌండ్లు, ఎందుకంటే అమెరికన్ గాలను నీళ్ళు 8.34 పౌండ్లు తూగుతాయి. రెండు చిన్న సిలిండర్లలో గ్యాస్ 40. రెండు లెడ్ యాసిడ్ బ్యాటరీలు 120. పైకప్పు ఏసీ 100. వంటసామాను, దుప్పట్లు, బట్టలు, తిండి, పనిముట్లు ఎంత తగ్గించుకున్నా 350. ముందు సీట్లలో ఇద్దరు మనుషులు 320. అన్నీ కలిపితే 3,080 పౌండ్లు, దాదాపు 1,400 కిలోలు. తలుపు అంచున స్టిక్కరు మీద 1,650 పౌండ్లున్న ఫోర్డ్ ఎఫ్-150 మీద దీన్ని ఎక్కిస్తే బండి తన హద్దుకు దాదాపు రెట్టింపు మోస్తున్నట్టు. బ్రోషరులోని 1,900 కూడా ఆ హద్దు దాటినదే అన్నది గమనించాలి. అదే క్యాంపర్‌ను ఎనిమిదడుగుల బెడ్, పెట్రోలు ఇంజను ఉన్న ఒక టన్ను ట్రక్కు మీద పెడితే, నాలుగు వేల పౌండ్ల దరిదాపుల్లో పేలోడ్ ఉన్నవి దొరుకుతాయి కాబట్టి, ఇంకా వెసులుబాటు మిగులుతుంది.

సగం టన్ను, ముప్పావు టన్ను, ఒక టన్ను అనే పేర్లు కొత్తవాళ్ళను తికమక పెడతాయి. ఒకప్పుడు అవి నిజంగా మోసే బరువును చెప్పేవి. ఇప్పుడు అలవాటుగా మిగిలిన పేర్లు. ఫోర్డ్ ఎఫ్-150, రామ్ 1500, షెవర్లే సిల్వరాడో 1500 సగం టన్ను వరస. 250, 2500 అంకెలున్నవి ముప్పావు. 350, 3500 ఒక టన్ను. ముప్పావు టన్ను ట్రక్కుల్లో చాలావాటికి మొత్తం బరువు పరిమితిని సరిగ్గా 10,000 పౌండ్ల దగ్గరే ఆపి రిజిస్టరు చేస్తారు. అందుకే బలమైన డీజిలు ఇంజను, నాలుగు తలుపుల కేబిను, ఖరీదైన లోపలి హంగులు అన్నీ ఉన్న ఎఫ్-250 మీద మిగిలే పేలోడ్ చూస్తే కొన్నిసార్లు మామూలు ఎఫ్-150 కంటే పెద్ద తేడా కనిపించదు. డీజిలు ఇంజనే వందల పౌండ్లు అదనం. క్యాంపర్ కోసమే ట్రక్కు కొనేవాళ్ళకు పెట్రోలు ఇంజనున్న ఒక టన్ను ట్రక్కు అన్నిటికన్నా మంచి బేరం. డీజిలు ఇంజను బలం కొండ ఎక్కేటప్పుడు, బరువైన ట్రెయిలరు లాగేటప్పుడు కనబడుతుంది. క్యాంపర్ మోతలో దాని బరువు ముందు కనబడుతుంది.

ఇక్కడ మన కుటుంబాల సంగతి ఒకటి చెప్పుకోవాలి. టెక్సస్‌లో తెలుగువాళ్ళు ఎక్కువగా స్థిరపడ్డ ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ లాంటి ఊళ్ళలో పికప్ లేని వీధి అరుదు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ అంటే ఐదుగురు. ఐదుగురికి నాలుగు తలుపుల క్రూ క్యాబ్ కావాలి. ఆ కేబిను తనే బరువు, పైగా సగం టన్ను వరసలో దానితో వచ్చే బెడ్ సాధారణంగా ఐదున్నర అడుగులే. మనుషులు ఐదుగురూ కలిసి ఆరువందల పౌండ్లు దాటితే, 1,650 పౌండ్ల స్టిక్కరులో క్యాంపర్‌కు మిగిలేది వెయ్యి పౌండ్లు. వెయ్యి పౌండ్లలో నీళ్ళు, గ్యాస్, బియ్యం, పప్పు, కుక్కరుతో సహా ఇల్లు కావాలి. అలాంటి కుటుంబానికి ట్రక్ క్యాంపర్ కంటే ట్రెయిలరే మేలు. ప్రయాణంలో క్యాంపర్ లోపల మనుషుల్ని కూర్చోనివ్వాలా వద్దా అన్నది కూడా రాష్ట్రానికొక చట్టం. ఇద్దరు మనుషులు, లేదా ఇద్దరూ ఒక చిన్న పిల్ల, అంతవరకే ఈ వాహనం హాయిగా ఉంటుంది.

బరువు సరిపోయిందనుకున్నాక రెండో ప్రశ్న: అది ఎక్కడ పడుతోంది? ఎడ్లబండి తోలినవాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ధాన్యం బస్తాలన్నీ ఇరుసు వెనక పేరిస్తే కాడి ఎద్దుల మెడ మీంచి పైకి లేస్తుంది. అందుకే బస్తాలను కాస్త ముందుకు సర్ది, కాడి మీద కొంచెం బరువు ఆనేలా చూస్తారు. పికప్‌లో కూడా క్యాంపర్ బరువు కేంద్రం వెనక ఇరుసుకు కాస్త ముందు పడాలి. క్యాంపర్ పక్క గోడ మీద కంపెనీ ఒక గుర్తు పెడుతుంది, బరువు కేంద్రం అక్కడుందని. బెడ్ ముందు గోడ నుంచి వెనక చక్రం మధ్య వరకు టేపుతో కొలిచి, క్యాంపర్ ముందు అంచు నుంచి ఆ గుర్తు వరకు కొలిచి పోల్చుకుంటే ఐదు నిమిషాల్లో తేలిపోయే విషయం.

గుర్తు ఇరుసుకు వెనక పడితే ఏమవుతుంది? ముందు, వెనక చక్రాల మధ్య 160 అంగుళాలున్న ట్రక్కు మీద 3,000 పౌండ్ల క్యాంపర్ కేంద్రం ఇరుసుకు 8 అంగుళాలు వెనక పడిందనుకుంటే, ముందు ఇరుసు మీద 150 పౌండ్లు తగ్గుతాయి. వెనక ఇరుసు మీద క్యాంపర్ బరువు 3,150 పౌండ్లుగా పడుతుంది. నిలబడి ఉన్న బండిలో 150 పౌండ్లు పెద్ద విషయంగా అనిపించదు. గంటకు 65 మైళ్ళ వేగంలో వంతెన అతుకు మీద ఎగిరి పడినప్పుడు, ఎదురుగా పెద్ద లారీ గాలి కొట్టినప్పుడు స్టీరింగ్ తేలిపోతుంది. హెడ్‌లైట్లు చెట్ల కొమ్మల్లోకి చూస్తాయి. బ్రేకు వేస్తే ముందు టైర్లకు పట్టు తగ్గుతుంది. లాంగ్‌హార్న్ బెడ్‌ను పొడిగించడం, సూపర్ క్యాంపర్ స్పెషల్ ఇరుసును వెనక్కి జరపడం, రెండూ దీన్ని తప్పించడానికే. ఇరుసుకు ముందు చోటు ఎక్కువుంటే బరువు కేంద్రం తనంతట తానే ముందుకు వస్తుంది.

చిన్న బెడ్ల అసలు చిక్కు ఇక్కడుంది. నాలుగు తలుపుల కేబిను పెరిగిన కొద్దీ బెడ్ తగ్గింది. బెడ్ ముందు గోడకు, వెనక ఇరుసుకు మధ్య దూరం కుదించుకుపోయింది. ఐదున్నర అడుగుల బెడ్‌లో గట్టిగోడల క్యాంపర్ పెట్టి, స్నానాల గది, నీళ్ళ ట్యాంకు, ఫ్రిజ్ అన్నీ ఇరుసుకు ముందు ఉండేలా డిజైను చేయడం చాలా కష్టం. అందుకే పొట్టి బెడ్ క్యాంపర్లు తేలికపాటివీ, సౌకర్యాలు తగ్గించినవీ అయితేనే నమ్మాలి. ఆరున్నర, పావు తక్కువ ఏడు అడుగుల బెడ్లు మధ్యస్థం. ఎనిమిదడుగుల బెడ్ ఈ పనికి పుట్టినట్టు ఉంటుంది. పార్కింగ్‌లో ఇబ్బంది పెట్టే పొడవే ఇక్కడ కాపాడుతుంది.

ఆస్ట్రేలియాలో ఇది ఛాసీ వంగే దాకా వెళ్ళింది. అక్కడ పికప్పును యూట్ అంటారు. టొయోటా హైలక్స్, ఇసుజు డి-మాక్స్ లాంటి నాలుగు తలుపుల యూట్ల మీద స్లైడ్-ఆన్ క్యాంపర్లు పెట్టుకుని, వెనక ట్రెయిలర్ కూడా తగిలించి, మట్టిరోడ్ల మీద వేలమైళ్ళు పోతారు. అలా వెళ్ళిన కొన్ని బండ్ల ఛాసీలు కేబిను వెనక వంగిపోయిన ఫొటోలు అక్కడి మోటారు పత్రికల్లో చాలాసార్లు వచ్చాయి. కారణం దాపరికమేమీ లేదు. నాలుగు తలుపుల యూట్‌లో ఇరుసు కేబినుకు దగ్గరగా ఉంటుంది. బెడ్‌లో ఎక్కువ భాగం ఇరుసు వెనక వేలాడుతుంది. గుంటలో పడి లేచిన ప్రతిసారీ ఆ వేలాడే బరువు ఛాసీని కిందికి వంచుతుంది. దీనికి తోడు వెనక కుంగుతోందని గాలి సంచులు వేసుకున్నారు. కమాన్ పట్టీలు తమ మీద పడ్డ బరువును ముందొకచోట, వెనకొకచోట ఛాసీకి అందిస్తాయి. గాలి సంచి మధ్యలో ఒకే చోట నెడుతుంది. పైన వెనక నుంచి బరువు కిందికి లాగుతుంటే, మధ్యలో సంచి పైకి నెడుతుంటే, ఛాసీ ఆ మధ్యలోనే లొంగుతుంది.

ఈ డి-మాక్స్ కుటుంబానికి చెందిన వి-క్రాస్ పికప్ మన తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే తయారవుతోంది. ఇసుజు ఫ్యాక్టరీ అక్కడ 2016లో మొదలైంది. దాని బెడ్ పొడవు మీటరున్నర లోపు. దాని మీద పెట్టుకుని ఊళ్ళు తిరిగే గది కట్టించుకోవాలన్న ఆలోచన కొందరికి ఎలాగూ వస్తుంది. అమెరికాలో తలుపు అంచున ఉండే అంకె మన ఆర్‌సీలోనే రెండు ముక్కలుగా ఉంటుంది: లోడు లేని బరువు, లోడుతో మొత్తం బరువు. ఈ రెండిటి మధ్య తేడాలోంచి మనుషుల బరువు తీసేస్తే మిగిలేదే క్యాంపర్‌కు. ఐదు సీట్ల పికప్‌లో ఆ మిగులు చాలా తక్కువ. అదీ కాక మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద బండి రూపం మార్చడానికి ఆంక్షలున్నాయి. వర్క్‌షాపుకు అడ్వాన్సు ఇచ్చేముందు ఆర్‌టీఓ ఆఫీసుకు వెళ్ళి అడగడం మంచిది. తాత్కాలికంగా బెడ్ మీద వేసుకునే తేలిక గుడారం వేరు, బోల్టులతో బిగించే గది వేరు.

అమెరికాకు తిరిగి వస్తే, గాలి సంచులు, అదనపు కమాన్లు, అడ్డ కడ్డీలు, గట్టి షాక్ అబ్జార్బర్లు అమ్మే వ్యాపారం అక్కడ చాలా పెద్దది. వాటికి ప్రయోజనముంది. ఎత్తైన క్యాంపర్‌తో మలుపు తిరిగేటప్పుడు పక్కలకు ఊగడం తగ్గుతుంది, వెనక కుంగడం తగ్గుతుంది. హద్దులో ఉన్న బండిని అవి హాయిగా నడిచేలా చేస్తాయి. హద్దు దాటిన బండిని హద్దులోకి తేవు. ఇరుసు, బేరింగులు, బ్రేకులు, ఛాసీ అవే. తలుపు అంచున అంకె కూడా అదే. బండి సమంగా నిలబడటంతో బరువు సరిపోయిందన్న భ్రమ కలగడమే వీటి వల్ల వచ్చే పెద్ద ప్రమాదం.

టైర్ల దగ్గర లెక్క స్పష్టంగా ఉంటుంది. ఎల్‌టీ245/75ఆర్17 సైజు, ఇ రేంజ్ టైరును ఉదాహరణకు తీసుకుంటే, 80 పీఎస్ఐ గాలితో ఒంటరిగా నడిచేటప్పుడు అది 3,195 పౌండ్లు మోస్తుంది. వెనక రెండు టైర్లకు 6,390. క్యాంపర్ లేనప్పుడే వెనక ఇరుసు మీద రెండున్నర, మూడు వేల పౌండ్లుంటాయి. దాని మీద మూడు వేల పౌండ్ల క్యాంపర్ దాదాపు పూర్తిగా వెనకే పడితే అంచుకు వచ్చేసినట్టే. అదే టైరును వెనక పక్కకు రెండు చొప్పున జంటగా వేస్తే ఒక్కొక్కదానికి 2,910 పౌండ్ల లెక్కన నాలుగింటికీ 11,640. డ్యూయలీ అనే జంట టైర్ల ట్రక్కు అంటే ఇష్టపడేవాళ్ళు అదే కావాలని ఎందుకు అంత గట్టిగా చెబుతారో ఈ రెండు అంకెలు చెబుతాయి. పైగా ఒక టైరు పేలినా రెండోది నిలబెడుతుంది. గోడలు బయటికి జరిగే స్లైడవుట్లున్న పెద్ద క్యాంపర్, స్నానాల గదితో, నీళ్ళు నిండా ఉంటే నాలుగు వేల పౌండ్లు తేలిగ్గా దాటేది కొనాలంటే డ్యూయలీ తప్ప వేరే మాట లేదు. ఆరెగాన్ రాష్ట్రం బెండ్ ఊళ్ళో తయారయ్యే హోస్ట్ క్యాంపర్లు ఈ కోవలోవి.

తేలికపాటి కొసన పాపప్‌లున్నాయి. ప్రయాణంలో పైకప్పు కిందికి దిగి ఉంటుంది, ఆగాక పైకి లేస్తుంది, మధ్యలో గుడ్డ గోడలు. 1972లో మొదలైన ఫోర్ వీల్ క్యాంపర్స్ కంపెనీ దీనికి పేరుపడ్డది. సగం టన్ను ట్రక్కులకూ, టొయోటా టకోమా లాంటి చిన్నవాటికీ న్యాయంగా సరిపోయేవి దాదాపుగా ఈ రకమే. బరువు తక్కువ, ఎత్తు తక్కువ, అందువల్ల బరువు కేంద్రం కూడా కిందికి ఉంటుంది. చలిలో, పెద్ద గాలివానలో గుడ్డ గోడల ఇబ్బంది భరించాలి. అలాస్కన్ క్యాంపర్ 1950ల నుంచే గట్టి గోడలే ఒకదానిలో ఒకటి దిగిపోయేలా చేసింది. చలికీ పనికొస్తుంది, దారిలో ఎత్తూ తగ్గుతుంది, కాకపోతే గుడ్డ పాపప్ అంత తేలిక కాదు. కెనడా బ్రిటిష్ కొలంబియాలోని నార్తర్న్ లైట్, బిగ్‌ఫుట్ క్యాంపర్లు రెండు పెద్ద ఫైబర్ గ్లాసు ముక్కలను కలిపి చేస్తారు. అతుకులు తక్కువ కాబట్టి వాన కారే బాధ తక్కువ. పాతికేళ్ళ పాత క్యాంపర్ కొనేవాళ్ళు చెక్క ఫ్రేము ఉన్నవాటి మూలల్లో తడి పట్టిందేమో చేత్తో నొక్కి చూడాలి. తడిసిన చెక్క బరువు కూడా లెక్కలోకి వస్తుంది.

మూడో ప్రశ్న, ఇమడడం. ఇది కంటితో చూసి టేపుతో తేల్చుకునేది, అయినా కొత్త ట్రక్కులతో చిక్కులు పెరిగాయి. పెద్ద పికప్పుల్లో బెడ్ లోపలికి పొడుచుకొచ్చే చక్రాల గూళ్ళ మధ్య దూరం 50 అంగుళాలకు అటూ ఇటూ. నాలుగడుగుల ప్లైవుడ్ షీటు పడుతుంది, క్యాంపర్ నేల కూడా పడుతుంది. చిన్న పికప్పుల్లో అది ఇరుకు. వాటికి వేరే క్యాంపర్ కావాలి. క్యాంపర్ నేల బెడ్ కంటే పొడవుండొచ్చు. నార్తర్న్ లైట్ 10-2 పేరులోనే దాని నేల పొడవు 10 అడుగుల 2 అంగుళాలని ఉంది. బెడ్ వెనక కొంత బయటికి ఉంటుందని అనుకునే చేస్తారు. ఇప్పటి ట్రక్కుల బెడ్ గోడలు, కేబిన్లు పాతవాటి కంటే ఎత్తు. పాత క్యాంపర్‌ను కొత్త ట్రక్కు మీద పెడితే, బెడ్ గోడల మీదుగా సాగే క్యాంపర్ రెక్కలు వాటిని తగులుతాయి, లేదా కేబిను మీదికి వచ్చే పడక భాగం షార్క్ ఫిన్ యాంటెనాను నలిపేస్తుంది. క్యాంపర్ కింద గట్టి ఫోమో, ప్లైవుడ్ మెత్తో వేసి రెండు అంగుళాలు లేపితే చాలాసార్లు సరిపోతుంది. లేపిన ప్రతి అంగుళం బరువు కేంద్రాన్ని కూడా పైకి తీసుకుపోతుంది, కాబట్టి కావలసినంత మాత్రమే.

క్యాంపర్ ఎక్కించే పని ఒకసారి దగ్గరగా చూస్తే ఈ అంగుళాల విలువ తెలుస్తుంది. క్యాంపర్ నాలుగు మూలలా నాలుగు జాకీల మీద నిలబడి ఉంటుంది. ట్రక్కు వెనక తలుపు ముందే విప్పి, దానికున్న కెమెరా, సెన్సర్ల వైరు విడదీసి పక్కన పెట్టారు. జారిపోయే ప్లాస్టిక్ లైనరు తీసి బెడ్‌లో రబ్బరు చాప పరిచారు. ఒకరు స్టీరింగ్ దగ్గర, ఒకరు బయట. ట్రక్కు అంగుళం అంగుళంగా వెనక్కి వస్తుంది. బయట నిలబడ్డ మనిషి ఒక పక్క చక్రాల గూటికి, క్యాంపర్ నేల అంచుకు మధ్య వేళ్ళు పెట్టి కొలుస్తాడు. మూడు వేళ్ళు, రెండు వేళ్ళు, ఆపమని చెయ్యి ఎత్తుతాడు. కొంచెం ముందుకు పోయి స్టీరింగ్ సరిచేసుకుని మళ్ళీ వెనక్కి. ముందు గోడకు ఆనే దాకా వచ్చాక నాలుగు జాకీలను సమంగా దించుతారు. డ్యూయలీలో వెనక చక్రాల మీది ఉబ్బు బండిని దాదాపు ఎనిమిదడుగుల వెడల్పు చేస్తుంది కాబట్టి, ముందు జాకీలను బయటికి జరిపే బ్రాకెట్లు లేకపోతే ట్రక్కు వాటి మధ్యకు దూరనే దూరదు. కొనేటప్పుడు అడగడం మరిచిపోయేది ఇదే.

ఇక కట్టడం. క్యాంపర్‌ను బెడ్‌కు బిగించాలా, ఛాసీకి బిగించాలా అన్నది పాత వాదన. మలుపులో క్యాంపర్ పక్కకు లాగినప్పుడు ఆ లాగుడంతా కట్టిన చోట పడుతుంది. బెడ్ రేకు పలచన. ఫోర్డ్ 2015లో ఎఫ్-150 బెడ్‌ను, 2017లో సూపర్ డ్యూటీ బెడ్‌ను అల్యూమినియంలోకి మార్చాక ఛాసీ నుంచి వచ్చే కొక్కేలకే బరువైన క్యాంపర్లు కట్టడం మేలని చెప్పడానికి ఇంకో కారణం దొరికింది. తేలిక పాపప్‌లను బెడ్ అడుగుకు బోల్టులు, కింద వెడల్పు ప్లేట్లు వేసి బిగించుకోవడం చెల్లుతుంది. రెండిటిలోనూ మొదటి యాభై మైళ్ళలో కట్లు కాస్త వదులవుతాయి. ఆగి మళ్ళీ బిగించాలి.

మరి ఏది ముందు కొనాలి? పికప్ ఇంట్లో ఉన్నవాళ్ళకు ఈ ప్రశ్న ఆలస్యం. లేనివాళ్ళు మాత్రం క్యాంపర్‌నే ముందు తేల్చుకోవాలి. ఎంతమంది, ఎన్ని రోజులు, చలికాలమా వేసవా, స్నానం లోపలా బయటా అన్న ప్రశ్నలకు సమాధానాలతో క్యాంపర్ దొరుకుతుంది. దాన్ని నింపిన బరువుకు కనీసం ఐదో వంతు కలుపుకుని ఆ పేలోడ్ ఉన్న ట్రక్కు కోసం వెతకాలి, స్టిక్కరు ఫొటో తీయించుకుని మరీ. ట్రక్కు ముందు కొనేసి దానికి క్యాంపర్ వెతకడం మొదలుపెడితే, రాజీ ఎప్పుడూ బరువు దగ్గరే జరుగుతుంది.

రెండూ చేతికొచ్చాక తేల్చేది కాటా. అమెరికా హైవేల పక్కన లారీలు ఆగే స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే కాటాలుంటాయి. అయోవాలోని వాల్‌కాట్‌లో 1977లో మొదలైన కంపెనీ అది. కాటా మూడు పలకలుగా ఉంటుంది. ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనక చక్రాలు రెండో పలక మీద ఆపితే ఇరుసుల బరువు విడివిడిగా చీటీలో వస్తుంది. మొదట ఇంధనం ట్యాంకు నింపుకుని, మనుషులతో సహా, క్యాంపర్ లేకుండా ఒకసారి. తర్వాత క్యాంపర్, నీళ్ళు, గ్యాస్, మనుషులు, సామాను, అన్నిటితో ఇంకోసారి. రెండు చీటీలు పక్కన పెట్టుకుంటే, మొత్తం బరువును తలుపు అంచు మీది పరిమితితో, వెనక ఇరుసును దాని పరిమితితో పోల్చుకోవచ్చు. ముందు ఇరుసు అంకె రెండో చీటీలో పెరిగితే బరువు కేంద్రం ఇరుసుకు ముందుందని అర్థం. తగ్గితే వెనక ఉందని, అప్పుడు బ్యాటరీలను, డబ్బాలను ముందు అలమరల్లోకి మార్చి మళ్ళీ తూయించాలి. ఇరవై నాలుగు గంటల్లోపు రెండోసారి తూయిస్తే తక్కువే తీసుకుంటారు. ఆ వెనక ఇరుసు అంకెను సగం చేసి, టైరు కంపెనీ ఇచ్చే పట్టికలో చూసి, ఎంత గాలి కొట్టాలో నిర్ణయించుకోవాలి. క్యాంపర్ దించేసిన రోజు అదే గాలితో ఖాళీ ట్రక్కు నడిపితే వెనక చక్రాలు ఎగిరెగిరి పడతాయి, కాబట్టి ఖాళీ బండికి వేరే అంకె రాసి పెట్టుకోవాలి.